చివరి మడి

నూట అరవై రెండు గుర్రాలని కాయితం.
ఇంజన్ కట్టినవాడు సంతకం పెట్టి ఇచ్చాడట.
క్లిఫర్డ్ ఆర్మెరాడ్ దాన్ని నాలుగు మడతలు పెట్టి
పర్సులో మనవరాలి ఫొటో వెనకాల దాచుకున్నాడు.

డెబ్బై రెండులో పుట్టిన ట్రయంఫ్ కారు,
తరవాత పెట్టిన ఐదు గేర్ల పెట్టె.
రోలర్ల మీదికెక్కించి, పట్టీలు బిగించి
నాలుగో గేరులో తొక్కాను.
టాడ్‌మోర్డెన్ సగం ఊరు ఉలిక్కిపడి ఉంటుంది.
చక్రాల దగ్గర తేలింది
నూట పద్దెనిమిది.

"నీ మిషను అబద్ధాలాడుతోంది పిల్లా" అన్నాడు.
మిషను కాదు.
దారిలో ఎవరో నలభై నాలుగు గుర్రాల్ని
తోలుకుపోయారు.

మా నాన్న కాలవ లస్కరు.
లాకుల దగ్గర వదిలిన నీరు
చివరి మడికి ఎన్ని వేళ్ళ లోతు చేరిందో
కర్ర ముంచి చెప్పేవాడు.
ఎగువాళ్ళ లెక్క ఒకటి, దిగువాళ్ళ ఏడుపు ఒకటి.
ఎవర్నీ అడక్కు, మధ్యలో నడు, అదే తెలుస్తుంది
అనేవాడు.

మధ్యలో నడిచాను.
అంటే, వెల్లకిలా పడుకుని,
కారు కడుపు కింద
చెయ్యి వెనక్కి తిప్పి తాకుతూ, జ్వరం చూసినట్టు.
పోయిన శక్తి ఎక్కడికీ పోదు.
దొంగిలించిన చోటే
వేడిగా కూచుని ఉంటుంది.

గేర్‌బాక్సు కాలుతోంది.
ప్లగ్గు విప్పితే ఆయిలు మోచేతి దాకా కారింది,
ఎవరో ప్రేమ ఎక్కువై గ్లాసున్నర ఎక్కువ పోశారు.
పళ్ళు పాపం
మోకాలి లోతు బురదలో ఊడుస్తున్నట్టు తిరుగుతున్నాయి.
"నేనే పోశాను" అన్నాడు. "తక్కువైతే ప్రమాదం కదా?"

పెట్టె తోక అంగుళం దిగింది.
షాఫ్టు ముందు కీలుది ఒక వంపు, వెనక కీలుది ఇంకో వంపు,
ప్రతి చుట్టుకీ ఒక తడబాటు.
ఇరుసు గాడుల్లో గ్రీజు ఎప్పుడో మైనమైపోయింది.

ఎడమ వెనక డ్రమ్ము మీద చెయ్యి పెట్టి
పెట్టినంత వేగంగా తీసేశాను.
హ్యాండ్‌బ్రేకు తీగ తుప్పుపట్టి, లోపలే బిగుసుకుపోయి...
మూడేళ్ళుగా ఈ పెద్దమనిషి
సగం బ్రేకు వేసుకునే కొండలెక్కుతున్నాడు,
ఇంజన్ని తిడుతూ.

మూడు రోజులు. మూడు రోజులూ వాన.
చేత్తో తోస్తే చుట్టున్నర తిరిగే చక్రం
ఐదు చుట్లు తిరిగి
ఆగాలా వద్దా అన్నట్టు ఆగింది.

నూట ముప్ఫై మూడు.

"పదిహేనేనా?" అన్నాడు క్లిఫర్డ్.
"మిగతా ఇరవై తొమ్మిది?"

షెడ్డు వెనక తలుపు తీస్తే ఇక్కడా కాలవే.
ఇక్కడా లాకులే.
నల్లటి చెక్క గేటు సందులోంచి
రాత్రీ పగలూ సన్నగా ఒక ధార.
మా నాన్నయితే దాన్ని ఆపడు.
గట్టుకీ దాహమేనే, దాని వాటా దానికి పడకపోతే
బీటలిచ్చి మొత్తం తాగేస్తుంది అంటాడు.

బేరింగు కాస్త పట్టుకోవాలి.
సీలు కాస్త హత్తుకోవాలి.
పంటికీ పంటికీ మధ్య తడి ఉండాలి.
ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.
"అది వాటి కూలి."
"మరి నీ కూలి?" అంటూ పర్సు తీశాడు,
ఫొటో కింద పెట్టి, కాయితం కింద పెట్టి,
నోట్లు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు.
కాయితం బల్ల మీదే మరిచిపోయాడు.
మరిచిపోయాడనే అనుకుంటున్నాను.

కార్న్‌హోమ్ వైపు రోడ్డెక్కింది కారు.
మొన్న ఆ మలుపులో అతను రెండో గేరుకి దిగిన చప్పుడు
ఇక్కడిదాకా వినిపించింది.
చేతులు తుడుచుకోవడం ఆపి
విన్నాను.
మలుపు వచ్చింది, దాటింది.
దిగలేదు.